అడగండి చెబుతాం: సొంత కాళ్ల మీద గోదావరి ఆడపడుచులు

మార్చి సంచికకు మహిళల గురించి ఏదైనా అడగమని గత నెల రాశాం. వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఆస్తి, సంపాదన, ఒంటరిగా ఇల్లు నడుపుకోవడం గురించే. అందరికీ పనికొచ్చే ఆరింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా డ్వాక్రా సంఘం వాళ్లం కలిసి హైస్కూల్లో ఒక రోజు ప్రదర్శన పెడదామనుకుంటున్నామండి. మన గోదావరి జిల్లాల ధైర్యవంతులైన ఆడవాళ్ల గురించి. ఎవరెవరిని పెట్టాలి? పిల్లలు నిలబడి చదివేలా ఎలా చేయాలి? – రావులపాలెం దగ్గర గ్రామ సంఘం సభ్యులు

నలుగురితో మొదలుపెట్టండి. ఇరవై మందిని పెడితే పిల్లలు ఫొటోలు చూసుకుంటూ నడిచిపోతారు, ఒక్కరూ గుర్తుండరు.

డొక్కా సీతమ్మ గారు 1841లో మండపేటలో పుట్టి లంకల గన్నవరం కోడలయ్యారు. గోదావరి పాయ వైనతేయ దాటే బాటసారులకు కులం అడగకుండా, వేళ చూడకుండా అన్నం పెట్టారు. 1909లో కన్నుమూశారు. ఈనాడు రాష్ట్రంలో బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి ఉన్న పేరు ఆవిడదే కాబట్టి ఆ చార్టును భోజనాల వరండాలోనే పెట్టండి.

దువ్వూరి సుబ్బమ్మ గారిది ద్రాక్షారామం, పుట్టింది 1880లో. చిన్నతనంలోనే భర్త పోయారు. ఆ రోజుల్లో వితంతువు గడప దాటడమే తప్పు. అలాంటిది ఆవిడ ఊరూరా సభలెక్కి సహాయ నిరాకరణ గురించి ఉపన్యాసాలిచ్చారు. 1922లో ఏడాది శిక్ష పడి రాజమండ్రి జైలుకు వెళ్లారు. జనం ఆవిడను దేశబాంధవి అన్నారు. నలుగురిలో ఎక్కువ చోటు ఈవిడకే ఇవ్వమని మా సలహా. మిగిలినవాళ్ల పేర్లు పిల్లలు ఎక్కడో ఒకచోట వింటారు, ఈవిడ పేరు అంతగా వినరు.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టి కాకినాడలో పెరిగారు. 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు ఖద్దరు ప్రదర్శన వాకిట్లో వాలంటీరుగా నిలబడి, టికెట్టు లేదని నెహ్రూ గారినే ఆపారు. అప్పటికి ఆవిడకు పద్నాలుగేళ్లు. పిల్లలకు బాగా పట్టేది ఈ సంఘటనే, అయితే చార్టు అక్కడితో ఆపేయకండి. ఎనిమిదో ఏట చేసిన పెళ్లిని పెద్దయ్యాక వద్దనుకుని బయటికొచ్చారు, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ స్థాపించారు, రాజ్యాంగ సభలో కూర్చున్నారు, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. ఇవన్నీ రావాలి.

నాలుగో ఆవిడ కందుకూరి వీరేశలింగం గారి భార్య రాజ్యలక్ష్మమ్మ గారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు పునర్వివాహం జరిపించింది వీరేశలింగం గారని పాఠం చెబుతుంది. ఊరు వెలివేసినప్పుడు వంటవాళ్లు మానేశారు, నీళ్లు తెచ్చేవాళ్లు మానేశారు. ఆ వంట చేసింది, నీళ్లు మోసింది రాజ్యలక్ష్మమ్మ గారే.

ఐదో చార్టు మీ ఊరివాళ్లది. పడవ నడిపే ఆవిడ, తెల్లవారుజామున చేపల బుట్టతో బస్సెక్కే ఆవిడ, ముప్పై ఏళ్లుగా కాన్పులు చూస్తున్న నర్సమ్మ గారు... ఎవరినైనా పెట్టండి. ముందు వాళ్లనడిగి, ఫొటో పెట్టడానికి ఒప్పుకున్నట్టు రాతపూర్వకంగా తీసుకోండి. అడగాల్సినవి మూడే: పని ఎలా నేర్చుకున్నారు, మొదటి సంపాదన దేనికి ఖర్చుపెట్టారు, వద్దన్నది ఎవరు. మూడో ప్రశ్నకు జవాబు చెప్పినా రాయొద్దంటే రాయకండి.

ఇక తయారీ. చార్టుకు 60 నుంచి 80 మాటలు చాలు. శీర్షిక అక్షరం అంగుళం ఎత్తుండాలి. మధ్య భాగం నేల నుంచి నాలుగున్నర అడుగుల దగ్గరుంటే ఎనిమిదో తరగతి పిల్లల కంటికి సరిగ్గా అందుతుంది. మైదాపిండి జిగురు వాడొద్దు. మన గాలిలో తేమకు కాగితం ఉబ్బి ముడతలు పడుతుంది, పురుగు పడుతుంది. 5 మిల్లీమీటర్ల ఫోమ్ బోర్డు మీద రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించండి. లామినేషన్ చేయిస్తే ట్యూబులైటు మెరుపుకు అక్షరాలు కనబడవు. గోడకు గోదావరి జిల్లాల పెద్ద పటం ఒకటి కట్టి మండపేట, లంకల గన్నవరం, ద్రాక్షారామం, రాజమండ్రి, కాకినాడల దగ్గర గుండుసూదులు గుచ్చి, అక్కడి నుంచి చార్టుల దాకా ఎర్ర దారం లాగండి. ఈ ఊళ్లకు తాము బస్సులో వెళ్లొచ్చామని పిల్లలకు అప్పుడు తడుతుంది. చార్టుకొక తొమ్మిదో తరగతి అమ్మాయిని నిలబెట్టి చెప్పించండి. కాగితం చూసి చదవనివ్వకండి.

ప్రశ్న: నాన్నగారు 2021లో పోయారు. మూడెకరాల కొబ్బరి తోట ఉంది. అమ్మ, ఇద్దరు అన్నయ్యలు, నేను. "పెళ్లికి కట్నమిచ్చాం, పసుపు కుంకుమ కింద అర ఎకరం డబ్బు ఇచ్చాం కదమ్మా, వచ్చి సంతకం పెట్టెళ్లు" అంటున్నారు. అన్నయ్యలతో గొడవ ఇష్టం లేదు. నాకసలు వాటా ఉందా? – పేరు రాయవద్దన్న పాఠకురాలు, అమలాపురం ప్రాంతం

ఉందమ్మా. ఎంత అన్నది ఆ తోట నాన్నగారికి ఎలా వచ్చిందన్న దాన్ని బట్టి ఉంటుంది.

నాన్నగారు సొంతంగా కొన్నదై, వీలునామా రాయకుండా పోయుంటే అమ్మ, ఇద్దరన్నయ్యలు, మీరు నలుగురూ సమానం. తలా 75 సెంట్లు. వీలునామా రాసుంటే అందులో ఉన్నట్టే జరుగుతుంది.

తాతల నాటి ఉమ్మడి ఆస్తి అయితే లెక్క వేరు. ముందు నాన్నగారు, ఇద్దరన్నయ్యలు, మీరు నాలుగు వాటాలు, తలా 75 సెంట్లు. నాన్నగారి 75 సెంట్లను మళ్లీ అమ్మతో కలిపి నలుగురూ పంచుకుంటారు, తలా 18.75 సెంట్లు. కాబట్టి మీకు 93.75 సెంట్లు, అమ్మకు 18.75 సెంట్లే. అమ్మ వాటా ఇంత తగ్గుతుందని చాలామందికి తెలియదు. మాట్లాడుకునేటప్పుడు అమ్మ జీవనాధారం గురించి విడిగా తేల్చుకోండి.

ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కును మన రాష్ట్రం దేశం కంటే ముందే, 1985 సెప్టెంబరు 5 నుంచి ఇచ్చింది. కాకపోతే అప్పటికే పెళ్లయినవాళ్లకు వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్టం ఆ తేడా తీసేసింది. ఈ హక్కు పుట్టుకతోనే వస్తుందని, 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చింది. అయితే 2004 డిసెంబరు 20కి ముందే చట్టబద్ధంగా పంపకాలు జరిగిపోయుంటే వాటిని తిరగదోడలేరు. కట్నం ఇచ్చినంత మాత్రాన వాటా పోదు. పసుపు కుంకుమ కింద ఇచ్చిన డబ్బుకు కాగితం రాసుకున్నారేమో మాత్రం చూసుకోండి. వాటాకు బదులుగా తీసుకున్నట్టు మీ సంతకం ఉంటే అది లెక్కలోకి వస్తుంది.

ఇప్పుడు చేయాల్సింది: 'మీ భూమి' అనే ప్రభుత్వ వెబ్‌సైటులో సర్వే నంబరుతో 1–బీ (భూమి ఎవరి పేరున ఉందో చెప్పే పత్రం), అడంగల్ (సాగు వివరాల పత్రం) తీయండి. రిజిస్ట్రేషన్ శాఖ నుంచి ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాల పత్రం) తీయించండి. భూమి నాన్నగారి పేరు మీదికి ఎలా వచ్చిందో ఈ కాగితాలు చెబుతాయి. అన్నయ్యలు ఇప్పటికే తమ పేర్లతో మ్యుటేషన్‌కు (రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్పుకు) పెట్టుంటే తహసీల్దారుకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చి రశీదు తీసుకోండి. మ్యుటేషన్ జరిగినంత మాత్రాన మీ హక్కు పోదు, కానీ ఊరుకుంటే తర్వాత అమ్మకాలకు దారి పడుతుంది. వాళ్లు సంతకం పెట్టమంటున్నది హక్కు విడుదల దస్తావేజు అయ్యుంటుంది. దాన్ని ఇంటికి తెచ్చుకుని, మీ వకీలు చేత చదివించుకున్నాకే ఆలోచించండి. రిజిస్టరయ్యాక రద్దు చేయించడం చాలా కష్టం. రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో నిలబెట్టి, ముహూర్తం దాటిపోతోందని తొందరపెడితే అస్సలు సంతకం పెట్టకండి.

గొడవ వద్దనుకుంటే మండల న్యాయ సేవల కమిటీకి అర్జీ పెట్టండి. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లందరికీ వకీలును ఉచితంగా ఇస్తారు. ఫోన్ నంబరు 15100. రెండు వైపులా కూర్చోబెట్టి లోక్ అదాలత్‌లో రాజీ చేయిస్తారు. ఆ రాజీకి కోర్టు తీర్పుతో సమానమైన విలువ ఉంటుంది. అలాగని ఏళ్లు గడపకండి. ఉమ్మడి ఆస్తిలోంచి మిమ్మల్ని తప్పించారని తెలిసిన నాటి నుంచి 12 ఏళ్ల లోపే దావా వేయాలి. అన్నీ తెలిశాక అన్నయ్యలకు వదిలేయాలనిపిస్తే అది మీ ఇష్టం. తెలియక వదలొద్దు.

ప్రశ్న: మాది పాలకొల్లు. భర్త పోయి పదేళ్లయింది, పిల్లలు లేరు. మిషను కుట్టి నేను కొనుక్కున్న ఇల్లు ఇది. "ఎలాగూ నీ తర్వాత మాదే కదా పిన్నీ" అంటున్నారు మా బావగారి కొడుకులు. నిజమేనా? నాకు మా చెల్లెలి కూతురికివ్వాలనుంది. – 61 ఏళ్ల పాఠకురాలు

మీరేమీ రాయకపోతే నిజమేనండి. హిందూ వారసత్వ చట్టంలో 15వ సెక్షన్ ప్రకారం పిల్లలు లేని వితంతువు స్వార్జితం ముందు భర్త వారసులకే వెళ్తుంది. పుట్టింటివాళ్ల వంతు ఆ తర్వాతే. పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి మాత్రం తండ్రి వారసులకు తిరిగి వెళ్తుంది. కాబట్టి వీలునామా రాసి తీరాలి.

స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. ఇంటి నంబరు, నాలుగు హద్దులు, ఎవరికి ఇస్తున్నారో వారి తండ్రి పేరుతో సహా రాయండి. ప్రతి పేజీలో సంతకం చేయండి. ఇద్దరు సాక్షులు మీరు సంతకం పెట్టడం కళ్లారా చూసి తామూ పెట్టాలి. సాక్షులు మీకంటే చిన్నవాళ్లయితే మేలు, రేపు కోర్టులో చెప్పాల్సింది వాళ్లే. ఆస్తి పొందే అమ్మాయి గానీ, ఆమె భర్త గానీ సాక్షిగా ఉండకపోతే మంచిది. అదే రోజు డాక్టరు గారి దగ్గర మతి స్థిమితంగా ఉందని సర్టిఫికెట్ తీసుకుని జతచేయండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, కానీ మీ విషయంలో అడ్డుపడేవాళ్లు ఉన్నారు గనుక చేయించండి. మనసు మారితే ఎప్పుడైనా కొత్తది రాసుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది.

ఒక్క పొరపాటు మాత్రం చేయకండి. వీలునామా అనుకుని దాన సెటిల్‌మెంటు మీద సంతకం పెట్టేవాళ్లు ఉన్నారు. వీలునామా మీ తర్వాత అమలవుతుంది, దానం ఆ రోజే అమలవుతుంది. ఇల్లు రాసిచ్చి అదే ఇంట్లో వాకిట్లో మంచం వేసుకోవాల్సిన గతి అలాగే పడుతుంది. ఎప్పుడైనా దానమే ఇవ్వాలనుకుంటే, నన్ను బతికినంత కాలం చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే రాయించండి. షరతు తప్పితే 2007 నాటి వృద్ధుల సంక్షేమ చట్టం, 23వ సెక్షన్ కింద ఆర్డీవో గారి ట్రిబ్యునల్ దాన్ని రద్దు చేయగలదు.

ప్రశ్న: నర్సాపురం దగ్గర మా ఇంట్లో అమ్మ, నేను లేసు అల్లుతాం. ఏజెంటు ఇచ్చినంతే తీసుకుంటున్నాం. సొంతంగా అమ్ముకోవాలంటే ధర ఎలా కట్టాలండి? కడిగాక ముక్కలు ఒక్కో సైజులో వస్తున్నాయి కూడా. – 24 ఏళ్ల పాఠకురాలు

మీ మొగల్తూరు, నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ పేరుకు తగ్గ డబ్బు అల్లే చేతికి రాకపోవడానికి పెద్ద కారణం, ఒక ముక్కకు ఎన్ని గంటలు పడుతోందో అల్లేవాళ్లే లెక్కపెట్టకపోవడం. వంట మధ్యలో, టీవీ ముందు అల్లినదీ పనే.

వంటింటి డిజిటల్ కాటా ఒకటి కొనండి. మొదలుపెట్టే ముందు దారం ఉండ తూచండి, అయ్యాక మళ్లీ తూచండి. సూది పట్టిన ప్రతిసారీ గోడ గడియారం చూసి నోటు పుస్తకంలో రాయండి. గంట కూలికి మీ ఊళ్లో ఆడవాళ్ల నాట్ల కూలిని గంటలతో భాగించి కట్టండి, అంతకంటే తక్కువ వద్దు. ఉదాహరణకు 50 గ్రాముల ఉండ 60 రూపాయలైతే, 40 గ్రాములు పట్టిన ముక్కకు దారం 48, వృథా 5, మొత్తం 53. ఏడు గంటలు, గంటకు 60 చొప్పున 420. ఉతుకు, గంజి, ప్యాకింగు 25. ఇప్పటికి 498. చెడిపోయే ముక్కల కోసం నూటికి ఐదు కలిపితే 523. దాని మీద నూటికి ఇరవై లాభం వేస్తే దాదాపు 630 రూపాయలు. ఏజెంటు దారం తానే ఇచ్చి ఇదే ముక్కకు 150 ఇస్తుంటే మీ గంట విలువ 21 రూపాయలన్నమాట. ఆ అంకె చూపించి మాట్లాడండి. ఒక్కరే అడిగితే పని పక్కింటికి పోతుంది. వీధిలో పదిమంది ఒకే లెక్కతో అడగండి.

పెద్ద టేబుల్ గుడ్డల జోలికి ఇప్పుడే వెళ్లకండి. మిషను లేసు చవగ్గా వచ్చి పడుతోంది, అక్కడ ధర నిలవదు. జాకెట్టు చేతుల అంచులు, పిల్లల గౌను కాలర్లు, పూజ పళ్లెం కింద వేసే గుండ్రటి ముక్కలు త్వరగా అవుతాయి, దగ్గర్లోనే అమ్ముడవుతాయి.

సైజు తేడాకు కారణం ఇద్దరి చేతి బిగువు వేరు కావడమే. ముందు నాలుగంగుళాల చదరపు నమూనా ఇద్దరూ అల్లి గళ్లు, వరసలు లెక్కపెట్టండి. బిగుతుగా అల్లేవాళ్లకు ఒక సైజు లావు సూది ఇవ్వండి. 20 నంబరు దారానికి 1.25 నుంచి 1.5 మిల్లీమీటర్ల స్టీలు సూది, 40 నంబరుకు 1 మిల్లీమీటరుది సరిపోతుంది. ఒకే పనికి కావాల్సిన ఉండలన్నీ ఒకే లాట్ నంబరువి కొనండి, లేకపోతే తెలుపులోనే తేడా కనబడుతుంది.

అయ్యాక గోరువెచ్చని నీళ్లలో మెత్తటి లిక్విడ్ సబ్బుతో అరగంట నానబెట్టండి. పిండకుండా తువ్వాల్లో చుట్టి అదమండి. గంజికి సగ్గుబియ్యం మంచిది, లీటరు నీటికి ఒక పెద్ద చెంచా. అన్నం గంజి పచ్చబడుతుంది, పురుగును పిలుస్తుంది. థర్మోకోల్ అట్ట మీద కొలత గీసుకుని అంగుళానికొక సూది గుచ్చి నీడలో ఆరనివ్వండి. సూదులు తుప్పు పట్టనివే కావాలి, సముద్రపు గాలికి మామూలు గుండుసూది ఒక్క రాత్రిలో మరక దించుతుంది. వానాకాలంలో పాలిథీన్ కవర్లో దాచకండి, బూజు పడుతుంది. ఉతికిన పాత తెల్ల పంచెలో చుట్టిపెట్టండి. నల్ల దారం పని పగటి వెలుతురులోనే పెట్టుకోండి.

ప్రశ్న: మాది లంక గ్రామం. నేనొక్కదాన్నే, రెండు గేదెలు. ప్రతి ఏడూ వరదకు అబ్బాయి వచ్చి తీసుకుపోతానంటాడు. నా ఇంట్లో నేనుండాలంటే ఏం చూసుకోవాలి? – పి.గన్నవరం మండలం

ఉండండమ్మా, కానీ ఎప్పుడు బయల్దేరాలో ముందే తీర్మానించుకోండి. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు, అంటే పది లక్షల క్యూసెక్కులకు మొదటి హెచ్చరిక. 13.75 అడుగులకు రెండోది, పదమూడు లక్షలు. 17.75కి మూడోది, పదిహేడు లక్షలు. భద్రాచలంలో ఈ హెచ్చరికలు 43, 48, 53 అడుగులకు ఇస్తారు. అక్కడ పెరిగిన నీరు మన దాకా రావడానికి పట్టే వ్యవధే మీకు దొరికే సమయం. భద్రాచలంలో రెండోది ఇచ్చారని వినగానే గేదెలను ఏటిగట్టు మీదికి తోలేయండి. ధవళేశ్వరంలో రెండోది పడ్డాక మీరూ ఇంట్లో ఉండొద్దు. రాత్రి పూట నాటుపడవ ఎక్కే పరిస్థితి తెచ్చుకోకండి.

గేదెలను కట్టేసి మాత్రం వెళ్లొద్దు. వరదలో పశువులు చనిపోవడానికి పలుపుతాడే పెద్ద కారణం. గొంతువాపు టీకా వానలకు ముందే వేయించండి, తడి మేత తిన్నాక వేయిస్తే ఆలస్యమే. గేదెకు రోజుకు ఐదారు కిలోల ఎండుగడ్డి చొప్పున వారానికి సరిపడా మోపులు గట్టు మీద తెలిసినవాళ్ల దొడ్లో ముందే పెట్టుకోండి.

సంచిలో ఆధార్, బ్యాంకు పుస్తకం, పట్టా కాగితాలు జిప్పు కవర్లో, పదిహేను రోజుల మందులు, టార్చి, అటుకులు, బెల్లం, రోజుకు మూడు లీటర్ల చొప్పున మంచినీళ్లు. వెళ్లేముందు మెయిన్ స్విచ్ ఆపండి. గ్యాసు రెగ్యులేటర్ తీసి, మూత బిగించి, సిలిండర్‌ను స్తంభానికి కట్టేయండి, నీళ్లలో అది తేలిపోతుంది. తిరిగొచ్చాక కర్రతో తట్టుకుంటూ లోపలికి అడుగుపెట్టండి, పాములు బియ్యం డబ్బాల వెనక చేరతాయి. కాటు పడితే కట్టు బిగించొద్దు, కోయొద్దు, కదలకుండా ఉండి 108కి ఫోన్ చేయించండి. ఎలక్ట్రీషియన్ చూసేదాకా స్విచ్ వేయకండి.

ప్రశ్న: నాకు 47. స్కూటీ నేర్చుకోవాలని ఉంది. ఈ వయసులో వస్తుందా? – భీమవరం

వస్తుందండి. ముందు ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవాళ్లకు ఇచ్చే లైసెన్సు) తీసుకోండి. నలభై దాటినవాళ్లకు డాక్టరు సంతకం చేసిన ఫారం 1–ఏ కావాలి. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది, నెల దాటాక డ్రైవింగు పరీక్షకు వెళ్లొచ్చు.

మొదటి మూడు రోజులు ఇంజిను ఆపి, సీటు మీద కూర్చుని రెండు కాళ్లతో తోసుకుంటూ బ్యాలెన్సు, బ్రేకులు నేర్చుకోండి. రెండు పాదాలూ నేలకు ఆనే బండే ఎంచుకోండి. పెద్ద వయసులో నేర్చుకునేవాళ్లు పడేది రెండు కారణాలకే. ముందు చక్రం వైపు చూడటం ఒకటి, ఇరవై అడుగుల ముందుకు చూడండి. కంగారులో కుడిచేతిని గట్టిగా పట్టుకోవడం రెండోది, దాంతో యాక్సిలరేటర్ తిరిగిపోతుంది. మణికట్టు కిందికి వంచి పట్టుకుంటే అలా జరగదు. కాలువ గట్టు మీద నేర్చుకోవద్దు, ఖాళీ బడి మైదానంలో ఎనిమిది అంకె తిప్పండి. చీర కట్టుకుంటే కొంగు నడుముకు బిగించి, చక్రానికి సారీ గార్డు ఉందో లేదో చూసుకోండి. కోతల రోజుల్లో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం ఎక్కితే బ్రేకు నొక్కకండి, బండి జారుతుంది. ముందే వేగం తగ్గించి హ్యాండిలు తిప్పకుండా నేరుగా దాటేయండి.